విదేశ విద్య - స్వదేశ ఋణము

గత మాసమున కోనసీమనుండి యొక రైతు మా కార్యాలయమునకు వచ్చెను. నాలుగెకరముల మాగాణి అమ్మకమునకు గలదని మా పత్రికలో ప్రకటన వేయింపవలెనని యాతని కోరిక. సర్వే నంబరులు, సరిహద్దులు, కాలువ వసతి, కొబ్బరిచెట్ల సంఖ్య అన్నియు క్రమముగ జెప్పి, రుసుము చెల్లించి, రసీదు మడిచి జేబులో నుంచుకొని లేచెను. గడపకడకు బోయి మరల వెనుదిరిగి, "కారణం మాత్రం వేయకండి బాబూ. మా అబ్బాయికి తెలిస్తే చదువు మానేసి వచ్చేస్తాడు" అని పలికెను. అమ్మకపు ప్రకటనలలో కారణములు వ్రాయు నాచారము లేదని మేము చెప్పితిమి. ఆతడు కుదుటపడి వెడలిపోయెను. ఆతని కుమారుడు అమెరికాలో నొక విశ్వవిద్యాలయమున ఎం.ఎస్. రెండవ యేడు చదువుచున్నాడు.

ఆ రైతు మాట మమ్ము నాటినుండి వెన్నాడుచున్నది. ఏలయన, అట్టి మాటయే సముద్రమున కావలి గట్టునుండియు మాకు వినవచ్చుచున్నది. విదేశములలో జదువుచున్న తెలుగు విద్యార్థులు మాకు వ్రాయు లేఖల చివర, పేరు ప్రకటింపవలదనియు, ఇంటిలో దెలిసిన బాధపడుదురనియు నుండుట పరిపాటి. తండ్రి భూమి యమ్ముచున్న సంగతి కొడుకునకు దెలియరాదు. కొడుకు హోటలులో గిన్నెలు తోముచున్న సంగతి తండ్రికి దెలియరాదు. ఒకరిపై నొకరికి గల ప్రేమచేతనే యిరువురును నిజము దాచుకొనుచున్నారు. ఈ రెండు మౌనముల నడుమ నొక గొప్ప వ్యాపారము నిరాటంకముగ సాగిపోవుచున్నది. దానిని గూర్చి బహిరంగముగ నాలుగు మాటలు చెప్పుట మా విధి యని తలంచి యీ వ్యాసమునకు బూనుకొంటిమి.

అమెరికాలో ఏటేట ప్రకటింపబడు లెక్కల ప్రకారము 2023-24 విద్యాసంవత్సరమున ఆ దేశమునందలి భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను మించి మనదేశము ప్రథమస్థానమున నిలుచుట 2008-09 తరువాత అదియే మొదలు. 2024-25లో ఆ సంఖ్య 3,63,019కి పెరిగెను. చదువు ముగించి పనియందు శిక్షణ పొందుచున్నవారును ఈ లెక్కలోనివారే. వీరిలో తెలుగువారి పాలు మిక్కిలి పెద్దదని వేరుగ జెప్పనక్కరలేదు. ఆషాఢ శ్రావణములలో శంషాబాదు విమానాశ్రయమునకు బోయి చూచినవారికి లెక్కలతో బనిలేదు. ఊరగాయ జాడీలును, కన్నీళ్లు తుడుచుకొను తల్లులును, పెట్టెల తూకము సరిచూచుకొను తండ్రులును అచ్చట నిత్యదర్శనములు. చిలుకూరు బాలాజీని జనులు వీసా దేవుడని పిలుచుకొనుచున్నారు. కోరిక చెప్పుకొనుటకు పదునొకండు ప్రదక్షిణములు, కోరిక తీరిన పిమ్మట నూటయెనిమిది. దైవమును సైతము దౌత్యకార్యాలయపు గుమ్మమున నిలిపిన జాతి మనది.

మేము విదేశ విద్యకు విరోధులము గాము. సముద్రయానము జేసినవానికి కులభ్రష్టత్వము విధించిన పెద్దల వాదమును మేము మరల లేవనెత్తబోము. 1888లో గాంధీ మహాత్ముడు ఇంగ్లండునకు బయలుదేరినప్పుడు బొంబాయిలో ఆయన కులపెద్దలు ఆయనను వెలివేసిరి. ఆ పెద్దల మాట విని ఆయన యింట గూర్చుండియున్నచో దేశమునకు గలిగియుండెడి నష్టము నూహింపుడు. మన యాంధ్ర నాయకులలోను సముద్రము దాటి చదివినవారు పలువురు. టంగుటూరి ప్రకాశము 1904లో బారిష్టరు పరీక్షకై లండనునకు బోయెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందెను. డబ్లిన్ నగరమున న్యాయశాస్త్రము చదువబోయిన వి.వి. గిరి, ఐరిషువారి స్వాతంత్ర్య సమరముతో సంబంధము గలిగించుకొని 1916లో ఆ దేశము విడువవలసినవాడయ్యెను. కేంబ్రిడ్జిలో జదివిన కట్టమంచి రామలింగారెడ్డి 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తొలి ఉపాధ్యక్షుడై, 1930లో ప్రభుత్వ దమననీతిని నిరసించి యా పదవిని త్యజించెను. వీరికి విదేశ విద్య స్వదేశ సేవకు సాధనమయ్యెను.

అయితే వారి చదువులును సుఖముగ సాగినవి కావు. ఈనాటి తలిదండ్రులును, విద్యార్థులును ముగ్గురి కథలను జ్ఞప్తికి దెచ్చుకొనుట మేలు.

మొదటివాడు గాంధీయే. లండను జేరిన క్రొత్తలో దొరవలె నుండవలెనని మంచి దుస్తులు కుట్టించుకొని, నాట్యమునకు సొమ్ముగట్టి, ఫిడేలు కొని నేర్వనారంభించెను. మూడు మాసములకే యది తగదని గ్రహించి విరమించెను. అటుపిమ్మట ప్రతి చిల్లర కాసునకును లెక్క వ్రాసి, చౌకయైన గదికి మారి, బండి యెక్కక దినమునకు ఎనిమిది పదిమైళ్లు నడచి కాలము గడపెను. అన్నగారు పంపు సొమ్ము తనది కాదన్న యెఱుక యాయన కాలినడకలో గలదు. తరువాతి కాలమున కోట్ల ప్రజాధనమును నిర్వహించిన మహాపురుషుడు లెక్కలు వ్రాయుట నేర్చుకొన్నది ఆ చిన్నగదిలోనే.

రెండవవాడు భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స నేర్పు నాంగ్లేయాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువ తరగతి ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపుచ్చుకొనవలసివచ్చెను. మామగారి ధనసాహాయ్యముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాహాయ్యముతోను 1922లో బోస్టను జేరెను. హార్వర్డులో జదువుకొనుచునే పొట్టకూటికై వైద్యశాలలో రాత్రిపూట రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు కొలువు చేసెను. 1923లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము భారతీయునకు పౌరసత్వార్హత లేదని తీర్పు చెప్పెను. 1946లో శాసనము మారువరకు ఆ తలుపు మూయబడియేయుండెను. కండరములకు శక్తి సమకూర్చు రసాయనములపై ఆయన చేసిన పరిశోధన లోకము మెచ్చినను, హార్వర్డు ఆయనకు స్థిరమైన యుద్యోగ మీయలేదు. 1940లో లెడర్లీ సంస్థకు బోయి, అచ్చట ఫోలిక్ ఆమ్లమును, క్యాన్సరుపై పనిచేయు తొలి యౌషధములను, ఆరియోమైసిన్ అను దివ్యౌషధమును వెలువరించిన కార్యమునకు నాయకత్వము వహించి, 1948లో అచ్చటనే కన్నుమూసెను. నేడు క్యాన్సరు వైద్యశాలలలో మెథోట్రెక్సేటు పుచ్చుకొను రోగులలో నెందఱు ఆయన పేరు విన్నారు?

మూడవవాడు అంబేద్కరు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన వేతనముతో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునకు బోయి, అర్థశాస్త్రమును మథించి 1917లో తిరిగివచ్చెను. ఒప్పందము ప్రకారము బరోడాలో కొలువు చేయబోగా, అంత చదువు చదివినవానికి ఆ నగరమున నివసించుటకు గది దొరకలేదు. పార్సీల సత్రమునుండి కఱ్ఱలతో వచ్చి తరిమివేసిరి. విదేశము పట్టమిచ్చి గౌరవించినవానికి స్వదేశము నిలువనీడ యీయలేదు. మన బిడ్డలు తిరిగిరారేమని వాపోవు పెద్దలు ఈ కథను మరల మరల చదువుకొనవలెను. తిరిగివచ్చువానికి గౌరవముగ బ్రతుకు చోటు చూపుట దేశముయొక్క ఋణము.

ఈ మువ్వురి కష్టములును నేటి విద్యార్థుల కష్టములును పైకి సమానముగ గనబడుచున్నవి. కాని భేదమొకటి కలదు. భారతమునందలి కచుని యుపాఖ్యానము పాఠకు లెఱిగినదే. మృతసంజీవనీ విద్యకొఱకు దేవతలు బృహస్పతి కుమారుని అసురుల నగరమునకు బంపిరి. ఆతడు అచ్చట ముమ్మారు చంపబడియు విద్య సాధించి వచ్చెను. ఆ విద్య దేవతలందఱికిని కావలసిన విద్య. పంపినవారు దేవతలందఱును. అది సమష్టి ప్రయత్నము. గాంధీని కుటుంబమును, సుబ్బారావును బంధువులును ధర్మసంస్థయును, అంబేద్కరును సంస్థానమును పంపినవి. నేడు మన విద్యార్థిని పంపుచున్నది ఋణము. ఏ విద్య కావలెనని ఋణము ప్రశ్నింపదు. ఎప్పుడు తీర్తువని మాత్రమే ప్రశ్నించును. భేదమంతయు నిందే కలదు.

మా పాఠకులలో భూవసతి గలవారు పలువురు. కావున లెక్క వేసి చూపుదుము. అమెరికాలో సామాన్యమైన విశ్వవిద్యాలయమున రెండేండ్ల చదువునకు నలువది లక్షల రూపాయలు ఋణము చేసితి మనుకొందము. వడ్డీ సంవత్సరమునకు నూటికి 12. చదువు కాలమును, పిమ్మట ఆరు మాసములును కలిపి రెండున్నరయేండ్లు కిస్తీ కట్టనక్కరలేదని యిచ్చువారు చెప్పుదురు. కట్టనక్కరలేదు గాని వడ్డీ యాగదు. సొమ్మంతయు తొలినాడే పుచ్చుకొన్నచో ఆ కాలమునకు పండ్రెండు లక్షల వడ్డీ చేరి యప్పు ఏబదిరెండు లక్షలగును. దానిని పదియేండ్లలో దీర్చుటకు నెలకు 74,600 రూపాయలు కట్టవలెను. అనగా సంవత్సరమునకు దాదాపు తొమ్మిది లక్షలు. ఇక మాగాణి లెక్క. ఎకరమునకు ఏడాదికి డెబ్బదియైదు కిలోల బస్తాలు ముప్పది కౌలు వచ్చు ననుకొందము. 2025-26లో సామాన్య రకపు ధాన్యమునకు ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. ఎకరపు కౌలు 53,300 రూపాయలగును. కావున ఒక్క కుమారుని ఋణము దీర్చుటకు పదునేడెకరముల మాగాణిపై వచ్చు కౌలు పదియేండ్లపాటు ఒక్క గింజయు మిగులకుండ ధారవోయవలెను. పదునేడెకరములున్న రైతులు మన జిల్లాలలో నెందఱు? నాలుగెకరముల రైతు తన పొలమును ప్రకటనకెక్కించుటలో వింత యేమున్నది?

అచ్చట మంచియుద్యోగము వచ్చినచో ఈ యప్పు రెండు మూడేండ్లలో దీరునని చెప్పుదురు. నిజమే. అట్లు దీర్చి, ఇల్లుగట్టి, చెల్లెండ్ర వివాహములు చేసినవారు మన గ్రామములలో ననేకులు గలరు. వారిని చూచియే తక్కినవారు బయలుదేరుచున్నారు. కాని దూరపుకొండలు నునుపు. పైకెక్కినవాడు అందఱికిని గనబడును, జారిపడినవాడు తన్ను దాను దాచుకొనును. కావున మన లెక్కలో జయములే చేరుచున్నవి.

అచ్చటి జీవితమునందు మేలు లేదని మే మనము. మాకు వచ్చు లేఖలలో కృతజ్ఞతతో నిండినవియు నున్నవి. అర్ధరాత్రి దాటినను తెఱచియుండు గ్రంథాలయములను, విద్యార్థి తప్పు చూపినచో సంతసించు నాచార్యులను, చేతులతో చేసి నేర్చుకొను ప్రయోగశాలలను గూర్చి వారు వ్రాయుచున్నారు. ఇచ్చట చూచి వ్రాసి నెగ్గుకొనివచ్చినవాడు, అచ్చట ఒకరి వాక్యమును చెప్పక వాడుకొనుట దొంగతనమని తొలిసారి నేర్చుకొన్నాడు. ఇంట మంచినీళ్ల గ్లాసు తానుగ ముంచుకొనని బిడ్డ అన్నము వండుట, మరుగుదొడ్డి కడుగుట నేర్చుకొన్నాడు. ఏ పనియు నీచము కాదని సుబ్బారావు నేర్చిన పాఠము వీరును నేర్చుచున్నారు. ఆడుబిడ్డలు ఒంటరిగ గది తీసికొని, తమ లెక్క తాము చూచుకొని, ధైర్యముగ బ్రతుకుచున్నారు. ఇవి చిన్నలాభములు కావు.

కాని యా లేఖలలోనే మఱియొక భాగము కలదు. రెండు గదుల యింట ఆరుగురు సర్దుకొనుట కష్టమే యైనను సహింపవచ్చును. అచ్చటి శాసనము ప్రకారము విద్యార్థి చదువు జరుగు దినములలో వారమునకు ఇరువది గంటలకు మించక, అదియు విద్యాలయపు ఆవరణమునందే పనిచేయవలెను. ఆ పనులు కొన్ని, కోరువారు వేలు. దొరకనివాడు శాసనము తప్పి పెట్రోలు బంకులోనో, హోటలు వంటయింటనో చీకటికూలికి గుదురుచున్నాడు. చీకటికూలికి రసీదు లేదు. యజమాని కూలి యెగవేసినను ఫిర్యాదు చేయుటకు వీలులేదు, చేసినచో ముందుగ తానే పట్టుబడును. రాత్రివేళ దుకాణములలో నట్లు పనిచేయుచు దొంగల తుపాకికి బలియైన తెలుగు యువకుల వార్తలను మా పత్రికలోనే పలుమారు అచ్చువేసితిమి. కళేబరమును స్వగ్రామమునకు జేర్చుటకు తోడివిద్యార్థులు చందాలు వసూలు చేసిన దినములు గలవు. ఆ రాత్రి యాతడు ఆ దుకాణమున నెందుకుండెనని విచారించినచో, సమాధానము మనయూరి బ్యాంకు పద్దులో దొరకును.

ఇక వంచన కథలు. కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అను పేరుగల విద్యాలయమును 2011 జనవరిలో అమెరికా యధికారులు మూసివేసిరి. అందలి విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు మిక్కుటము. కొందఱి కాళ్లకు నిఘా పట్టీలు తొడిగిరి. చదువబోయిన బిడ్డల పాదములకు పశువులకువలె కట్టిన ఆ పట్టీలను జూచి దేశమంతయు ఉడికిపోయెను. విద్యాలయాధికారిణికి 2014లో పదునారేండ్లకు మించిన కారాగారశిక్ష విధింపబడెను. అయినను మనము నేర్చుకొన్నది స్వల్పము. ఎనిమిదేండ్లకు, 2019 జనవరిలో, మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విద్యాలయపు బాగోతము బయటబడెను. అది వలస శాఖవారే వలపన్ని స్థాపించిన బూటకపు సంస్థ. తరగతులు లేవు, ఆచార్యులు లేరు. గుర్తింపుగల సంస్థల జాబితాలో మాత్రము దాని పేరుండెను. తొలివిడతలో నిర్బంధింపబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. విద్యార్థులను చేర్చిన దళారులకు శిక్షలు పడినవి. వారును మనవారే.

ఈ విషయమున రెండు ప్రక్కలను చూడవలసియున్నది. తరగతి జరుగని పాఠశాలకు జీతము కట్టుట తప్పని విద్యార్థులకు తెలియదా యని కొందఱందురు. కొందఱికి దెలిసియే యుండును. కాని జీతము పుచ్చుకొని చదువు చెప్పని ప్రభుత్వము నిర్దోషి యెట్లగును? ఆ సొమ్ముకై విద్యార్థులు వేసిన వ్యాజ్యమును విచారింపవచ్చునని 2024లో అచ్చటి యప్పీలు న్యాయస్థానమే నిర్ణయించినది. న్యాయమును కోరుటకు ధైర్యము చేసిన ఆ యువకులను మేము అభినందించుచున్నాము. అయినను వలపన్నినవాని దోషము ఎర జూపినవాని దోషమును మాపదు. ఆ యెర మన వీథులలోనే యమ్మబడినది.

ఆతిథ్యమిచ్చు దేశము తన తలుపు తాను మూసికొనుటకు హక్కుగలది. ఆ హక్కు మనకును గలదు. కాని యిల్లు తాకట్టుపెట్టి వచ్చిన యతిథికి ఆ తలుపు మూతబడుట సామాన్యమైన విపత్తు కాదు. 2020లో చైనా మహమ్మారివలన ఇంటికి వచ్చిన మన వైద్య విద్యార్థులు రెండేండ్లకుపైగ తిరిగిపోలేక, శవపరీక్షయు రోగి నాడియు కంప్యూటరు తెరపై నేర్చిరి. 2022లో యుద్ధము చెలరేగగా ఉక్రెయిన్‌నుండి వేలకొలది భారతీయ విద్యార్థులు నేలమాళిగలలో దాగి, సరిహద్దులవరకు నడచి ప్రాణములు దక్కించుకొనిరి. 2024 జనవరిలో కెనడా విద్యార్థి చూపవలసిన నిలువసొమ్మును 10,000 డాలర్లనుండి 20,635కు పెంచి, అనుమతుల సంఖ్యకు హద్దు విధించెను. ఆ నెలలోనే బ్రిటను, పరిశోధకులు మొదలగు కొందఱు తప్ప తక్కిన విద్యార్థులు భార్యాబిడ్డలను దెచ్చుకొనుటకు వీలులేదనెను. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించెను. అచ్చటనే చదివి యుద్యోగములోనికి మారువారికి అది వర్తింపదని నెల దినముల పిమ్మట వివరణ వెలువడెను. ఆ నెల దినములును మన యిండ్లలో నిద్ర లేదు. ఒకరి సంతకముతో కలయు, మఱియొకరి వివరణతో మెలకువయు వచ్చు బ్రతుకు స్వతంత్రుని బ్రతుకా?

దోషమంతయు పరదేశములదే యనుట మాత్రము ఆత్మవంచన. దీనికి వేళ్లు మన యింటనే కలవు. మొదటిది, మన కళాశాలలు. ఆచార్యపదవులు ఏండ్లతరబడి ఖాళీలుపడి, ప్రయోగశాలలు బూజుపట్టి, పట్టము చేతబట్టినవానికి పని చేతగాకుండ చేయుచున్న విద్యాలయములు మన జిల్లాలలో నెన్నియో యున్నవి. ఇచ్చట నాలుగేండ్లు వ్యర్థమైనవాడు అచ్చట రెండేండ్లలో దానిని పూడ్చుకొన జూచుచున్నాడు. రెండవది, వివాహపు విపణి. వరకట్నము 1961లోనే శాసనముచే నిషిద్ధమైనను, అమెరికా సంబంధమునకు వేరొక ధర గలదని తెలియనివా రెవరు? పొరుగువాని కొడుకు పోయెను గావున నా కొడుకును పోవలెనను పంతమునకు చదువని పేరు పెట్టుచున్నాము. మూడవది, దళారి. విద్యార్థికి ఉచితముగ సలహా చెప్పుదునని బల్లగట్టి కూర్చుండినవాడు విదేశ విద్యాలయమునుండి తలకింత యని కమీషను పుచ్చుకొనును. ఏ చదువు మంచిదని యాతని నడుగుట, ఏ యెద్దు మంచిదని సంతలో బేరగాని నడుగుటయే.

కావున కర్తవ్యమేమి? మొదటిది, దళారులను శాసనము క్రిందికి దేవలెను. 1983 నాటి వలస శాసనము కూలికిని కొలువునకును పంపువారినే కట్టడిచేయుచున్నది. చదువునకు బంపువారిని అది తాకదు. పంజాబు రాష్ట్రము 2012లో చేసి 2014లో సవరించిన శాసనముచే విద్యార్థి సలహాదారులను సైతము అనుమతిపత్రము పొందవలసినవారిగ జేసినది. తెలుగు రాష్ట్రములు రెండును ఏల యుపేక్షించుచున్నవి? ఏ విద్యాలయమునుండి ఎంత కమీషను వచ్చునో ప్రతి దళారియు గోడపై వ్రాసి యుంచవలెనని నియమించుటకు ధనవ్యయమేమియు లేదు.

రెండవది, ప్రభుత్వములు విద్యార్థి వేతనములను సార్థకముగ నీయవలెను. 1954-55 నుండి యున్న కేంద్ర ప్రభుత్వపు విదేశ విద్యావేతనములు దేశమంతటికిని సంవత్సరమునకు 125 మాత్రమే. అంబేద్కరు పేరు స్మరించు సభలు అంతకు మించి జరుగుచున్నవి. పేదవానికి, దళితునకు ఋణభారము లేక చదువగల దారి యదియొక్కటియే. దానిని విస్తరింపజేసి, జాబితాలో పేరుండియు సొమ్ము చేరని దుఃస్థితి లేకుండ జూడవలెను.

మూడవది, తిరిగివచ్చినవారు నోరు విప్పవలెను. ప్రతి కళాశాలయు వేసవిలో నొకదినము విదేశమున జదివినవారిని బిలిచి, జయించినవానిని, ఓడినవానిని పక్కపక్కనే కూర్చుండబెట్టి మాటలాడింపవలెను. ఓడి వచ్చినవాని యనుభవము గెలిచినవాని యనుభవముకంటె తక్కువ విలువగలది కాదు. ఆతడు సిగ్గుపడుటకు కారణము లేదు. ఆతనిని సిగ్గుపడునట్లు చేయుచున్న మనమే సిగ్గుపడవలెను.

నాలుగవది, అన్నిటికంటె సులభమైనది, తలిదండ్రుల చేతిలోనిది. బిడ్డను పంపుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఆ విద్యాలయపు ఆచార్యులెవరు, అచ్చట చదివినవారు నేడెచ్చట నున్నారు? జాబితా చూచి తృప్తిపడరాదని ఫార్మింగ్టన్ కథ చెప్పుచున్నది గదా. ఉద్యోగము రాకపోయినను, వీసా చిక్కకపోయినను, ఇచ్చటనే వచ్చు జీతముతో ఈ ఋణము దీర్పగలమా? మూడవ ప్రశ్న బిడ్డనే యడుగవలెను: నీవేమి నేర్వబోవుచున్నావు? ఏ దేశమునకని కాదు, ఏ విద్యకని. మూడింటికిని సమాధానము గలవానిని మంగళహారతి యిచ్చి పంపుడు. లేనివానిని ఒక సంవత్సరము నిలుపుడు. సంవత్సరము నిలిచినంత మాత్రమున సముద్రము ఇంకిపోదు.

పోయినవానికి ఒక్క మాట. ఇంటికి నిజము వ్రాయుడు. గిన్నెలు తోముట దాచదగిన పని కాదు, సుబ్బారావు అంతకంటె కష్టమైన పని చేసెను. తండ్రులకు నొక మాట. బిడ్డకు నిజము చెప్పుడు. ఎంత యప్పో, ఎంత వడ్డీయో, ఏ పొలము తాకట్టులో నున్నదో తెలిసినవాడు గాంధీవలె లెక్క వ్రాసికొనును. తెలియనివాడు రాజకుమారుడై మెలగి తుదకు మీ తలుపు తట్టును. దాచిన ప్రేమవలన ఇరువురును ఒంటరులగుచున్నారు. చెప్పిన కష్టమును ఇద్దఱు మోయగలరు.

కచుని కథకు తుదిఘట్టమొకటి కలదు. దేవయాని శపించుటచే ఆ సంజీవని ఆతనికి స్వయముగ ఫలింపకపోయెను, కాని యాతడు నేర్పినవారికి ఫలించెను. విదేశమున జదివినవాడు ధనవంతుడు కాకపోయినను, చదివినదానిని పదుగురికి నేర్పినచో ఆ చదువు వ్యర్థము గాదు. అట్లు నేర్పుటకు ఆతనికి మన విద్యాలయములలో నొక కుర్చీ చూపగల నాడే మనము సంపూర్ణ స్వతంత్రులము.

ఆ కోనసీమ రైతు ప్రకటనను మేము అచ్చువేసితిమి. ఆతడు కోరినట్లే అందు కారణము వ్రాయలేదు. అది యొక్క యింటి రహస్యము కాదు గనుక, పేరు లేకుండ ఇచ్చట వ్రాసితిమి.